ఏ పని అని కాదు, ఎవరి కింద అని

చంద్రగుప్త మౌర్యుడి కాలంలో మన దేశానికి వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీస్ ఇక్కడి జనాన్ని ఏడు తరగతులుగా లెక్కగట్టాడు. ఒక తరగతివాళ్లు మరో తరగతిలో పెళ్లి చేసుకోరాదనీ, తమ పని వదిలి మరో పని పట్టరాదనీ రాసుకున్నాడు. భారతీయుల్లో బానిసలే లేరని కూడా అన్నాడు. బానిసల్లేరన్న మాట తప్పు. దాసుల గురించి అర్థశాస్త్రంలోనే నిబంధనలున్నాయి. అయినా ఆయనకు ఏది వింతగా తోచిందో చూస్తే ఆయన సొంత ఊళ్ల సంగతి మనకు తెలిసిపోతుంది. పని మార్చుకోవడం అక్కడ మామూలు. బానిసలుండటం అంతకంటే మామూలు. ఈ రెండూ ఒకే తాడు పేటలని నా నమ్మకం.

ఏథెన్స్‌ సంగతే తీసుకుందాం. కొడుకు తండ్రి వృత్తే చేయాలన్న చట్టం అక్కడ లేదు. కొడుక్కి ఏ చేతిపనీ నేర్పని తండ్రిని ముసలితనంలో ఆ కొడుకు పోషించక్కర్లేదని అక్కడి శాసనకర్త సోలోన్ చట్టం చేశాడని జీవితచరిత్రల రచయిత ప్లూటార్క్ రాశాడు. ఏదో ఒక పని నేర్పాలన్నదే షరతు. చాలామంది తండ్రి పనే పట్టేవారు, నిజమే. దుకాణం, పనిముట్లు, తెలిసిన ఖాతాదారులు ఇంట్లోనే ఉంటే వేరే దారి ఎవరు వెతుక్కుంటారు?

మరో గ్రీకు నగరరాజ్యం స్పార్టాలో అలా కాదు. పౌరుడైతే ఏడేళ్లకే శిక్షణకు వెళ్లాలి, సైనికుడు కావాలి. చేతిపనులు ముట్టకూడదు. పొలాలు హెలాట్లు, అంటే స్పార్టా వాళ్ల కింద దాస్యంలో ఉన్న జనం, దున్నేవారు. దండోరా వేసేవాళ్లు, వేణువు ఊదేవాళ్లు, వంటవాళ్లు అక్కడ తండ్రి పనే చేయాలని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ప్రత్యేకంగా చెప్పాడు.

చేతిపని అంటే గ్రీకులకు చిన్నచూపు అని మనం చదువుకున్నాం. మేలైన రాజ్యం చేతిపనివాడికి పౌరసత్వం ఇవ్వదన్న అరిస్టాటిల్ మాట అందుకు ఆధారం. కానీ అది భూములున్నవాళ్ల మాట. సంతలో కూర్చున్నవాళ్ల గొంతు వినాలంటే యూక్సిథియోస్ అనే ఏథెన్స్ పౌరుడి కోసం పేరున్న వక్త డెమోస్తనీస్ రాసిచ్చిన కోర్టు వాదన చదవాలి. క్రీ.పూ. 346 ప్రాంతంలో పౌరుల జాబితాలను సరిచూసినప్పుడు అతని పేరు కొట్టేశారు. తల్లి బజారులో రిబ్బన్లు అమ్మిందనీ, డబ్బుకు పరాయి బిడ్డకు పాలిచ్చిందనీ ప్రత్యర్థులు ఎత్తిచూపారు. అతను దాచలేదు. అవును, అమ్మింది, పాలిచ్చింది, ఊరికి కష్టకాలం వచ్చినప్పుడు ఎందరో పౌర స్త్రీలు దాదులయ్యారు, నేతపనికి పోయారు, ద్రాక్షతోటల్లో కూలికి వెళ్లారు అన్నాడు. బజారు పని చేశారని పౌరుణ్ణి గానీ పౌరురాల్ని గానీ దెప్పితే శిక్షార్హులని చట్టమే ఉందని గుర్తుచేశాడు. అలాంటి చట్టం అవసరమైందంటే దెప్పేవాళ్లకు కొదవ లేదన్నమాటే. అయినా రాజ్యం పనిచేసేవాళ్ల పక్షాన నిలబడి రాసుకున్న చట్టం అది. ఏథెన్స్‌లో నాకు బాగా నచ్చే విషయాల్లో ఇదొకటి.

మరి అక్కడి పౌరులకు నిజంగా అవమానంగా తోచిందేమిటి? సోక్రటీస్ శిష్యుడు జెనొఫోన్ చెప్పిన ఒక సంభాషణలో జవాబుంది. యుద్ధంలో పరాయిగడ్డ మీది ఆస్తి పోగొట్టుకున్న యూథెరోస్ అనే పౌరుడు కూలిపని చేసుకుంటూ సోక్రటీస్‌కు ఎదురుపడ్డాడు. ఒళ్లు ఎన్నాళ్లు సహకరిస్తుంది, ఎవరైనా ఆస్తిపరుడి దగ్గర చేరి పనులు అజమాయిషీ చెయ్యి, పంట ఇంటికి చేర్చు, ముసలితనంలో ఆసరా ఉంటుంది అన్నాడు సోక్రటీస్. బానిస బతుకు తట్టుకోవడం నావల్ల కాదన్నాడు యూథెరోస్.

మనింట్లో ఎవరైనా ఇలా అంటే పిచ్చా అంటాం. నెలనెలా జీతం, నీడపట్టున ఉద్యోగం! యూథెరోస్‌కు మాత్రం ఈ రోజు ఒకరి దగ్గర, రేపు మరొకరి దగ్గర రాళ్లు మోయడమే స్వేచ్ఛ. ఒక్కడి కింద ఏళ్ల తరబడి ఉండటం సంకెల. ఏ పని అని కాదు, ఎవరి కింద అని అడిగాడు.

అలా పౌరులు కాదన్న స్థిరమైన కొలువుల్లో ఎవరు కూర్చున్నారు? బానిసలు. బ్యాంకు లెక్కలు వాళ్లే చూశారు, కర్మాగారాలు వాళ్లే నడిపారు. బజారులో వెండి నాణేలు అసలువా నకిలీవా తేల్చిన అధికారి కూడా ప్రభుత్వ బానిసే. బ్యాంకు బానిసగా మొదలైన పాసియోన్ విడుదలై, అదే వ్యాపారంలో సంపన్నుడై, పౌరసత్వం పొందాడు. అతని ఒక్కడి కథ చెప్పి ఏథెన్స్ దారులన్నీ తెరిచిందంటే ఒప్పుకోలేను. లారియోన్ వెండి గనుల్లోకి దిగినవాళ్లలో ఎవరికీ ఎంపిక లేదు. ఏథెన్స్ సేనాని నికియాస్ వెయ్యిమంది బానిసలను తలకు రోజుకు ఒక ఒబోల్ (చిన్న నాణెం) చొప్పున గనులకు అద్దెకిచ్చాడని జెనొఫోనే రాశాడు. నచ్చని కొలువు కాదనగల పౌరుడి హక్కు వీళ్ల వీపుల మీదే నిలిచింది.

ఏథెన్స్ కొండకోట అక్రోపోలిస్ మీద ఎరెక్థియోన్ ఆలయం కట్టినప్పటి ఖర్చుల లెక్కలు రాతిపలకల మీద మిగిలాయి. క్రీ.పూ. 409 తర్వాతివి. ఎవరో తెలిసిన 86 మంది పనివాళ్లలో 24 మంది పౌరులు, 42 మంది వలసవచ్చి స్థిరపడ్డ మెటిక్‌లు, 20 మంది బానిసలు. రోజుకూలి మామూలుగా ఒక ద్రాక్మా, అంటే ఒక వెండి నాణెం. పౌరుడికని ఎక్కువ లేదు, బానిసకని తక్కువ లేదు. తూర్పు వైపు స్తంభాలకు నిలువు గాడులు చెక్కిన ముఠాల్లో ఒకదానికి సిమియాస్ అనే మెటిక్ పెద్ద. సన్నియోన్, ఎపియెయికేస్, సోసాండ్రోస్ అతనితో పాటు ఉలి పట్టారు. పలక మీద నలుగురి పేర్లూ ఉన్నాయి, ఎదురుగా ఎంత ముట్టిందో ఉంది. కాకపోతే ఆ ముగ్గురి పేర్ల పక్కన ‘సిమియాస్ తాలూకు’ అని చెక్కి ఉంది. వాళ్ల పేరున రాసిన కూలి కూడా సిమియాస్‌దే.