ఆన్ వియాజెమ్‌స్కీ అంటే గొదార్ భార్య మాత్రమేనా?

ఫ్రెంచ్ సినీ దర్శకుడు గొదార్ గురించి ఎవరు రాసినా ఈవిడకి ఒక్క వాక్యమే దక్కుతుంది: "రెండో భార్య, ఆయన సినిమా లా షినువాజ్‌లో నటించింది." ఆ పెళ్లి 1967లో జరిగింది, 1970కల్లా ఇద్దరూ విడిపోయారు. ఆవిడ పుస్తకాలు రాసిందేమో 1988 నుంచి 2017 దాకా. మూడేళ్ల కాపురం ముప్పై ఏళ్ల రాతను మింగేయడం అన్యాయం. 1998లో ఫ్రెంచ్ అకాడమీ నవలా బహుమతి అందుకున్న రచయిత్రి ఆవిడ.

తాత ఫ్రాన్స్వా మోరియాక్ నోబెల్ గ్రహీత. సినిమాల్లోకి ఆవిడ వచ్చింది మాత్రం మరో ఫ్రెంచ్ దర్శకుడు బ్రెస్సన్ ద్వారా. ఆవిడని బ్రెస్సన్‌కి పరిచయం చేసిన ఫ్లోరెన్స్ దెలే కూడా ఆయన సినిమాలో జోన్ ఆఫ్ ఆర్క్‌గా చేసి, తర్వాత నవలలు రాసిన మనిషే. బ్రెస్సన్‌కి నటులు పనికిరారు, ఆయన వాళ్లని "మోడల్స్" అనేవాడు. డైలాగులో భావం, విరుపు అన్నీ అరిగిపోయేదాకా మళ్లీ మళ్లీ చెప్పించేవాడు. 'ఒ అజార్ బల్తజార్' (1966)లో ఆన్ వేసిన పాత్ర 'మరీ' గాడిద పక్కన నిలబడ్డప్పుడు ఆ ముఖంలో మనకి ఏడుపూ నవ్వూ కనపడనిది అందుకే. ఆవిడ వచనం చదవండి, అదే పద్ధతి. చిన్న వాక్యాలు, విశేషణాలు తక్కువ, ఏమనిపించిందో చెప్పదు, ఏం జరిగిందో చెప్తుంది. ఆ క్రమశిక్షణ బ్రెస్సన్ సెట్లోదేనని నా గట్టి నమ్మకం.

చదివేవాళ్లకి ఒక మాట. మొదట బల్తజార్ చూడండి, ఆ తర్వాతే 'జూన్ ఫీయ్' (2007) తెరవండి. షూటింగ్ రోజుల్లో పద్దెనిమిదేళ్ల పిల్లని దర్శకుడు ఎంతగా తన గుప్పిట్లో ఉంచుకున్నాడో అందులో ఉంటుంది. కోపంగా రాయలేదు, అందుకే ఎక్కువ గుచ్చుకుంటుంది. తర్వాత 'యున్ అనే స్తుదియూజ్' (2012), గొదార్‌తో ప్రేమ, పెళ్లి కథ. ఆ పెళ్లినాటికి ఫ్రాన్స్‌లో మేజర్ కావాలంటే 21 నిండాలి. ఆవిడకి ఇరవయ్యే కాబట్టి గొదార్ స్వయంగా వెళ్లి మోరియాక్‌ని పిల్లనడిగాడు. చివర్లో, 1968 నాటి కథ 'అన్ ఆన్ అప్రే' (2015).

చాలామంది ఈ చివరిదే ముందు పట్టుకుంటారు, దాని మీద సినిమా వచ్చింది కదా అని. అప్పుడు గొదార్ చిరాకులే కనపడతాయి, ఆ పిల్ల అతన్నెందుకు ప్రేమించిందో అంతుపట్టదు. పైగా ఇవన్నీ అసలు పేర్లతో ఉన్నా, నవలలుగా అచ్చయినవి. సాక్ష్యాల్లా చదివితే రాసిన చెయ్యి కనపడదు.

ఫ్రెంచ్ రానివాళ్లకి 'మై బెర్లిన్ చైల్డ్' ఇంగ్లీషులో ఉంది. యుద్ధం ముగిశాక బెర్లిన్‌లో రెడ్‌క్రాస్‌లో పనిచేసిన వాళ్లమ్మ కథ. గొదార్ ఊసే లేదు.