తేడా చూపిన జన్యువల్లా జబ్బుకు కారణం కాదు

గుండె కణంలోనూ కాలేయ కణంలోనూ ఉండే డీఎన్ఏ ఒకటే. ప్రోటీన్లకు సూచనలిచ్చే జన్యువులు దాదాపు 20,000 ఉన్నా, వాటిలో ఏవి ఎక్కడ ఎంత చురుగ్గా పనిచేస్తున్నాయన్న దాన్ని బట్టే కణాల తీరు మారుతుంది. దీన్నే జన్యు వ్యక్తీకరణ అంటున్నాం. జన్యువు పనిచేసేటప్పుడు తయారయ్యే దాని నకలు ఆర్ఎన్ఏ; కణంలో దాన్ని కొలిచి ఈ చురుకుదనాన్ని తెలుసుకుంటారు. జబ్బుపడ్డ కణజాలాన్నీ ఆరోగ్యంగా ఉన్నదాన్నీ పోల్చి, తేడా చూపిన జన్యువుల జాబితా తీయడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ జాబితా బయటకు రాగానే ‘జబ్బు జన్యువులు దొరికాయి’ అని రాసేయడం దగ్గరే నా అభ్యంతరం.

ఇల్లు తగలబడుతున్న చోట గుమిగూడిన జనంలో ఎక్కువమంది ఆర్పడానికి వచ్చినవాళ్లే. వాపు వచ్చిన కణజాలంలోనూ అంతే, అక్కడికి చేరిన రోగనిరోధక కణాల జన్యువులే జాబితా నిండా కనిపిస్తాయి. వాడుతున్న మందుల వల్ల మారేవి మరికొన్ని. జబ్బు తెచ్చిపెట్టినవేవో, జబ్బు వల్ల మారినవేవో ఈ కొలత ఒక్కటే తేల్చలేదు.

అలాగని ఇది పనికిరాని పద్ధతేం కాదు. సరిగ్గా వాడితే ఎంత మేలో 2003లోనే తేలింది. కెనడాలోని క్యూబెక్‌లో, సాగ్నే-లాక్-సాన్-జాన్ ప్రాంతంలో, మెదడును దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు లీ సిండ్రోమ్‌లో ఒక రకం దాదాపు 2,000 మంది శిశువుల్లో ఒకరికి వస్తుంది. కణాల్లో శక్తిని తయారుచేసే భాగాలైన మైటోకాండ్రియాలో ఆ పనికి కీలకమైన ఒక ఎంజైమ్ వీరిలో తక్కువ. లోపం రెండో క్రోమోజోమ్‌లోని ఒక ముక్కలో ఉందని కుటుంబాల అధ్యయనాలతో ముందే తెలుసు. కానీ ఆ ముక్కలో జన్యువులు చాలానే ఉన్నాయి. పరిశోధకులు ఇక్కడ వేసిన ప్రశ్న నాకు చాలా నచ్చుతుంది: రకరకాల కణజాలాల్లో, ఇప్పటికే తెలిసిన మైటోకాండ్రియా జన్యువులతో పాటే పెరుగుతూ తగ్గుతూ ఉన్నది వీటిలో ఏది? అందుకు ఈ రోగుల కణజాలం కూడా అక్కర్లేకపోయింది, అందరికీ అందుబాటులో ఉన్న డేటానే సరిపోయింది. ఎల్ఆర్‌పీపీఆర్‌సీ అనే జన్యువు ముందుకొచ్చింది. మైటోకాండ్రియా ప్రోటీన్ల పరీక్షా దాన్నే చూపింది. చివరికి రోగుల డీఎన్ఏ చదివితే మ్యుటేషన్ అందులోనే బయటపడింది. వ్యక్తీకరణ దారి చూపింది, రుజువు మాత్రం డీఎన్ఏ నుంచే వచ్చింది.

డీఎన్ఏ ఒక్కదాన్నే నమ్ముకున్నా పొరపడతాం. స్థూలకాయంతో ముడిపడ్డ మార్పులు ఎఫ్‌టీఓ జన్యువులో ఉన్నాయని 2007లో తేలాక, కొన్నేళ్లపాటు అందరి చూపూ దానిమీదే. ఆ మార్పులున్న చోటు దూరంగా ఉన్న ఐఆర్ఎక్స్3 అనే మరో జన్యువును నియంత్రిస్తోందని 2014, 2015 అధ్యయనాలు చూపాయి.

ఇక అసలు చిక్కు కణజాలం దగ్గర వస్తుంది. 2017లో ఒక బృందం, డీఎన్ఏ పరీక్షల్లో కారణం దొరకని 50 మంది కండరాల రోగుల నుంచి తీసిన కండరంలో ఆర్ఎన్ఏ చదివి, 35 శాతం మందికి జబ్బు ఏమిటో తేల్చింది. కండరాల జబ్బులకు సంబంధించిన చాలా జన్యువులు రక్తంలో అంత చురుగ్గా ఉండవు కాబట్టి, రక్త నమూనాతో సరిపెట్టుకుంటే ఇది అయ్యేది కాదు. మెదడు జబ్బుల్లోనైతే మెదడు కణజాలం తీయడమే గగనం. అందుకే దాతల కణజాలాలతో కట్టిన జీటెక్స్ లాంటి డేటా అంత విలువైనది. అయితే అందులోనూ దాదాపు 85 శాతం మంది ఐరోపా మూలాలవారే. మరో జాబితాకు పెట్టే డబ్బు ఈ లోటు పూడ్చడానికి పెట్టాలి. జాబితా ప్రచురించేవారు కూడా అది ఎవరి కణజాలం, ఏ అవయవానిది, జబ్బు ఏ దశలో తీసిందన్నది మొదటి పేరాలోనే చెప్పాలి.