చెస్‌లో ఓడిపోతుంటే రిజైన్ కొట్టొచ్చు కదా!

ఆన్‌లైన్ చెస్‌లో 10 నిమిషాల ఆట. 18వ ఎత్తుకి అవతలివాళ్ళ మంత్రి ఊరికే పోయింది. వాళ్ళ గడియారంలో ఇంకా 7 నిమిషాలు. అంతే, అవతలి మనిషి కదలడు! ఎత్తు వెయ్యడు, రిజైన్ చేసి ఓటమి ఒప్పుకోడు. అంతసేపూ స్క్రీన్‌కి అతుక్కుని కూర్చోవాలా? అవతల నెట్ పోతే, మనం ఆడే చెస్ సైట్ లిచెస్ కాసేపాగి గెలుపు క్లెయిమ్ చేసుకోనిస్తుంది. ట్యాబ్ తెరిచే ఉంచితే? టైం అయిపోయేదాకా చూడాల్సిందే. విసుగొచ్చి మనం వెళ్ళిపోతే ఓటమి మన ఖాతాలో!

ఇంకా ఘోరం: చివరి 10 సెకన్లలో టక్కున ఎత్తు వేస్తారు, మనం ఫోన్ పక్కన పెట్టేసి ఉంటామని. ఇదేం ఆటండీ? పైగా చాట్‌లో బూతులు! బోర్డు మీదే దృష్టి పెట్టడానికి మిగతావి దాచేసే జెన్ మోడ్‌లో చాట్ కనిపించదు సరే, గడియారం ఆగుతుందా? 3+2 (3 నిమిషాలు, ప్రతి ఎత్తుకీ అదనంగా 2 సెకన్లు) ఆట నయం, బిగుసుకుపోయినా మహా అయితే 3, 4 నిమిషాలు. కానీ నిదానంగా ఆలోచించి ఆడాలనుకునేవాళ్ళు ఎక్కడికి పోవాలి?