మహారాజశ్రీ 91 గారి సముఖానికి

మహారాజశ్రీ 91 గారి సముఖానికి, ఆరో తరగతి పరీక్షలో తమరి మూలంగా రెండు మార్కులు పోగొట్టుకున్న మనిషి చేసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. అక్కడ తమరు 90కీ 92కీ మధ్య, ఏమీ ఎరగనట్టు, యథాప్రకారం కూర్చునే ఉంటారని తెలుసు కాబట్టి మీ క్షేమం అడగను.

ప్రశ్న చాలా చిన్నది. "1 నుండి 100 వరకు గల ప్రధాన సంఖ్యలను రాయుము." ప్రధాన సంఖ్య అంటే 1తోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ శేషం లేకుండా పోనిది. మొత్తం 25 ఉంటాయని లెక్కల మాస్టారు క్లాసులో చెప్పారు. నేను రాసి లెక్కపెడితే 26 వచ్చాయి. మళ్లీ లెక్కపెట్టాను, మళ్లీ 26. టెన్షన్‌కి అరచెయ్యి చెమట పట్టి పెన్ను జారుతోంది. ఎవరో ఒక దొంగ లోపల దూరాడు. ఎవరా అని చివరి నలుగురి మొహాలూ చూశాను. 83 మీద అనుమానం రాలేదు. 89 సరే. మీ దగ్గరికొస్తే, ముందు తొమ్మిది, వెనక ఒకటి, ఎంత పెద్దమనిషి తరహా! మిమ్మల్ని అనుమానిస్తే కళ్లు పోతాయనిపించింది. ఇక మిగిలింది 97. చివర ఏడు ఉంది కదా, ఏడో ఎక్కంలో పోతుందేమో అనుకున్నాను. భాగించి చూసే టైము లేదు, గంట కొట్టేస్తున్నారు. 97 మీద అడ్డంగా ఒక గీత గీసి పేపరిచ్చేశాను.

దిద్దిన పేపరు చేతికొచ్చింది. మీ చుట్టూ ఎర్ర సున్నా. 97 మీద నేను గీసిన గీత పక్కన ఒక ఎర్ర ప్రశ్నార్థకం. ఒక్క దెబ్బకి రెండు తప్పులు, తప్పుకో మార్కు. దొంగని ఇంట్లో కూర్చోబెట్టి, ఇంటివాణ్ణి గెంటేసిన ఘనత నాది.

మీ వేషం గురించి అప్పటినుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఒప్పుకోవాలి, మంచి పనితనం. కారణాంకాలు కనుక్కోవడమంటే ఏముంది, శేషం మిగలకుండా భాగించేవాళ్లెవరో వెతకడమే. సరిసంఖ్య కాదు కాబట్టి 2 వెళ్లిపోయింది. చివర సున్నా గానీ ఐదు గానీ లేదు, 5 కూడా వెళ్లిపోయింది. తొమ్మిదీ ఒకటీ కలిపితే పది, కాబట్టి 3 తో పోదు. ఈ మూడు తలుపులూ కొట్టేసరికి నాలాంటివాళ్లకి చాలించుకోవాలనిపిస్తుంది. మీకు కావలసిందీ అదే.

వంద లోపల 1ని పక్కనపెడితే, 2, 3, 5 ముగ్గురి చేతికీ చిక్కకుండా, అయినా ప్రధాన సంఖ్యలు కానివాళ్లు ముగ్గురే. 49, 77, మీరు. 49కి దాక్కోవడం చేతకాదు, "ఏడేళ్లు నలభై తొమ్మిది" అని ఎక్కం మధ్యలోనే దొరికిపోతాడు. 77 రెండు ఏడులు మెడలో వేలాడదీసుకుని తిరుగుతాడు, గుడ్డివాడు కూడా పట్టుకుంటాడు. మీరు మాత్రం ఎక్కం ఎక్కడ ఆగుతుందో చూసుకుని మరీ ఇల్లు కట్టుకున్నారు. ఏడో ఎక్కం "ఏడు పదులు డెబ్భై" దగ్గర ఆగిపోతే, మీరు దానికి మూడు మెట్లు అవతల ఉన్నారు. పదమూడో ఎక్కంలో ఉన్నారుగా అంటే, ఉన్నారు, నిజమే. "పదమూడేళ్లు తొంభై ఒకటి." వినేవాడికి ఎవరి వయసో చెబుతున్నట్టు ఉంటుంది తప్ప కారణాంకాల ఊసే తట్టదు.

పైగా మీ చిరునామా చూడండి. వంద గళ్ల పట్టికలో, పదో వరుస మొదటి గడి. మీ నిలువు వరుసలో పైన 11, 31, 41, 61, 71. అందరూ నిఖార్సయిన ప్రధాన సంఖ్యలే. ఆ నీడలో నిలబడితే ఎవరైనా పెద్దమనిషిలాగే కనిపిస్తారు. అడ్డంగా చూస్తేనే అసలు రంగు బయటపడుతుంది. 89 తర్వాత 97 దాకా, 90 నుంచి 96 వరకు వరసగా ఏడు ఇళ్లలో ప్రధాన సంఖ్య ఒక్కటంటే ఒక్కటీ లేదు. వంద లోపు ఇంత పొడుగు ఎడారి ఇంకోటి లేదు. మీ పక్కింటి 90నే తీసుకోండి, పన్నెండు కారణాంకాలతో తలుపులు బార్లా తీసి ఉంటుంది. మీకు నాలుగే, 1, 7, 13, 91. అందులో మొదటిదీ చివరిదీ అందరికీ ఉండేవే. అంటే దాచుకున్నది ఒక్క జతే.

ఒక్క జత! అంతమాత్రానికి ఎంత బిల్డప్పండీ.

మా బెంచీలో ఒకడుండేవాడు. వాడికి తెలివి కంటే ఓపిక ఎక్కువ. వాడు మిమ్మల్ని 2 తో మొదలుపెట్టి ఒక్కొక్కదానితో భాగించుకుంటూ 45 దాకా వెళ్లాడు. 7 దగ్గర దొరికారు, 13 దగ్గర మళ్లీ దొరికారు, అయినా ఆపలేదు, "సగం దాకా చూడాలట" అన్నాడు. అప్పుడు నవ్వాను. ఇద్దరిలో రెండు మార్కులూ తెచ్చుకున్నది వాడే. అసలు సగం దాకా కూడా అక్కర్లేదు. పది పదులు వంద, మీరు వంద కంటే తక్కువ. అంచేత మీ జతలో ఇద్దరూ పదీ అంతకంటే పెద్దవాళ్లూ అయ్యే వీలు లేదు, ఒక్కడైనా తొమ్మిది లోపు ఉండి తీరాలి. తొమ్మిది లోపు ప్రధాన సంఖ్యలు 2, 3, 5, 7. మొత్తం నాలుగు తలుపులు. నేను మూడు కొట్టి వెనక్కి తిరిగాను.

దీనికి పూర్తి బాధ్యత నాదే అని మీ తరఫువాళ్లు అంటారని తెలుసు. అందుకే మీ పాత కేసులు కూడా తవ్వాను.

1640లో ఫెర్మా అనే ఫ్రెంచి లెక్కలాయన ఒక పరీక్ష పెట్టాడు. 3 కాకుండా ఏ ప్రధాన సంఖ్యనైనా తీసుకోండి. దాని కంటే ఒకటి తక్కువ సార్లు 3ని వేసి గుణించి, వచ్చినదాన్ని ఆ సంఖ్యతో భాగిస్తే శేషం కచ్చితంగా 1. శేషం 1 రాకపోతే అది ప్రధాన సంఖ్య కాదు, మారుమాట లేదు. మిమ్మల్ని ఈ పరీక్షకి కూర్చోబెట్టి, 90 మూడులు గుణించి 91తో భాగిస్తే శేషం ఎంతో తెలుసా? ఒకటి. దర్జాగా పాసయ్యారు! 3 చేత ఇలా దొంగ సాక్ష్యం చెప్పించుకున్న సంఖ్యలన్నిట్లోకీ చిన్నవారు మీరే. అదే 2ని పిలిచి అడిగితే శేషం 64 వస్తుంది, గుట్టు రట్టవుతుంది. అంటే ఏ సాక్షిని మేనేజ్ చెయ్యొచ్చో మీకు ముందే తెలుసు. ఫెర్మా పరీక్షనే బోల్తా కొట్టించినవారికి ఆరో తరగతి కుర్రాడు ఒక లెక్కా!

పోనీ, మిమ్మల్ని నమ్మి చెడ్డవాణ్ణి నేనొక్కణ్ణేనా అని వెతికాను. మీ వంశం పెద్దది కదా. 1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి ఒక జాబితా ప్రకటించాడు. 2ని ఎన్ని సార్లు వేసి గుణించి, అందులోంచి ఒకటి తీసేస్తే ప్రధాన సంఖ్య వస్తుందో చెప్పేది ఆ జాబితా. అందులో 67 రాశాడు, తప్పు. 61 వదిలేశాడు, అదీ తప్పే. దొంగని రాసి, ఇంటివాణ్ణి వదిలేశాడన్నమాట! చదవగానే ఆయన మీద ఎక్కడలేని ఆప్యాయత పుట్టుకొచ్చింది. నా పేపరు వారంలో దిద్దారు. ఆయన పేపర్లో 67 తప్పని తేలడానికి 232 ఏళ్లు పట్టింది. 1876లో లూకా అనే ఇంకో ఫ్రెంచాయన, 67 సార్లకి వచ్చేది ప్రధాన సంఖ్య కాదని తేల్చేశాడు. మరి కారణాంకాలేవి? అవి ఆయనకీ తెలీదు. ఇదొక వింత. ఇంట్లో దొంగ ఉన్నాడని రుజువు చెయ్యొచ్చు, దొంగ పేరు మాత్రం చెప్పలేం.

పేరు చెప్పినవాడు ఫ్రాంక్ నెల్సన్ కోల్. 1903 అక్టోబరు 31న, అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ సభలో ఆయన లేచి బోర్డు దగ్గరికెళ్లాడు. నోరు విప్పలేదు. 2ని 67 సార్లు గుణించుకుంటూ పోయి, ఒకటి తీసేసి, 21 అంకెల సంఖ్య రాశాడు, 147573952589676412927. పక్కకి జరిగి 193707721 రాసి, దాని కింద 761838257287 రాసి, మనం బడిలో చేసినట్టే చేత్తో గుణకారం మొదలుపెట్టాడు. రెండు జవాబులూ ఒకటే అయ్యాయి. సుద్దముక్క పెట్టేసి వెళ్లి కూర్చున్నాడు. సభ లేచి చప్పట్లు కొట్టిందట. ఈ రెండు సంఖ్యలు కనుక్కోవడానికి మూడేళ్ల ఆదివారాలు పట్టిందని ఆయన అన్నట్టు చెబుతారు.

గుణించి చూపడానికి ఒక్క సభ చాలింది. విడగొట్టడానికి మూడేళ్ల ఆదివారాలు. మీ వంశం బతుకుతున్నది ఈ ఒక్క తేడా మీదే. 7నీ 13నీ ఇచ్చి గుణించమంటే ఏ పిల్లాడైనా మిమ్మల్ని తెచ్చి ముందు పెడతాడు. మిమ్మల్ని ఇచ్చి, నిన్ను కన్నదెవరో చెప్పమంటేనే అందరం బోర్డు వంక చూస్తాం.

దాంతో ఏమైందంటే, మోసమే ఉద్యోగమైంది. 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అని ముగ్గురు కూర్చుని, ఈ చేతకానితనం మీదే రహస్య సందేశాలు దాచే తాళం ఒకటి కట్టారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యల్ని గుణించి, లబ్ధాన్ని నలుగురికీ చూపించు, కారణాంకాల్ని దాచుకో, అంతే. అచ్చం మీ తరహాయే, కాకపోతే వందల అంకెల పొడుగు. అదే ఏడు వాళ్లు 129 అంకెల సంఖ్య ఒకటి బయటపెట్టి, చేతనైతే విడగొట్టమన్నారు. 17 ఏళ్ల తర్వాత, 1994లో, దాదాపు 600 మంది తమ కంప్యూటర్లన్నీ కలిపి నెలల తరబడి నడిపి దాన్ని విడగొట్టారు. తీరా తాళం తీస్తే లోపల దాచింది ఇట్టే కడుపులో తిప్పే ఒక రాబందు గురించిన పిచ్చి మాట! 2020లో 250 అంకెల సంఖ్య విడిపోయింది. అది ఒక్క ప్రాసెసర్ కోర్‌కి అప్పగిస్తే సుమారు 2700 ఏళ్లు పట్టే పని. ఇప్పుడు వాడే తాళాల్లో 617 అంకెలవి కూడా ఉన్నాయి. నా పాస్‌వర్డు, నా ఉత్తరాలు, నా అకౌంటు, అన్నీ మీ చుట్టాల పహరాలో పడుకుంటున్నాయి. దొంగ చేతికే తాళాలిచ్చారు. నేనేమీ అనలేను.

క్వాంటం కంప్యూటర్లు వచ్చి మీ ఆట కట్టిస్తాయని ఆశపడ్డాను. వాటితో కారణాంకాలు చకచకా లాగే పద్ధతిని 1994లోనే పీటర్ షోర్ కనిపెట్టి పెట్టాడు. 2001లో ఒక క్వాంటం యంత్రం నిజంగానే ఒక సంఖ్యని విడగొట్టింది. ఎంతో తెలుసా? 15. మూడైదులు పదిహేను. కష్టపడింది పాపం, ఎక్కిరించకూడదు.

అసలు నాకు ఒళ్లుమండేది ఇదంతా కాదు. మీరు ఎప్పుడూ దాక్కోలేదు, అదీ. ఏప్రిల్, మే, జూన్ రోజులు కలపండి. ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై, మొత్తం 91. వారాలు లెక్కపెడితే సరిగ్గా పదమూడు. ఏటా మూడు నెలల పాటు, వారానికి ఏడు చొప్పున గళ్లు గీసి మరీ, మీ కారణాంకాలు గోడ మీద వేలాడుతున్నాయి. నా కంటికి ఆనలేదు.

ఇంకోటి. వర్గాల తేడాగా రాయగలిగితే సంఖ్య దానంతటదే విడిపోతుందని నారాయణ పండితుడు 1356 నాటి 'గణిత కౌముది'లోనే ఉపాయం చెప్పాడు. దాదాపు మూడు వందల ఏళ్ల తర్వాత ఫెర్మా కూడా అదే దారి పట్టి, 2,02,76,51,281 అనే కొండని పన్నెండు ప్రయత్నాల్లో 44021, 46061 కింద చీల్చాడు. మీకు అన్ని కూడా అక్కర్లేదు. మీ వరుస చివరి ఇంట్లోనే 100 ఉంది, పది పదులు. మీరు దానికి తొమ్మిది తక్కువ, మూడు మూళ్లు. పదిలోంచి మూడు తీసేస్తే 7, పదికి మూడు కలిపితే 13. కాగితం అక్కర్లేదు, పెన్ను అక్కర్లేదు, వేళ్లు కూడా అక్కర్లేదు.

కాబట్టి నా కోరిక పెద్దదేం కాదు. ఆ రెండు మార్కుల్లో ఒకటి నేనే మిమ్మల్ని నెత్తిన పెట్టుకున్నందుకు పోయింది, వదిలేస్తున్నాను. రెండోది 97 విషయంలో పోయింది. అది మాత్రం మీ ఖాతాలో రాస్తున్నాను. మీరు ఆ వరుసలో చొరబడి ఉండకపోతే నాకు ఆయన్ని గెంటే పనే పడేది కాదు.

ఇట్లు,
26 రాసినవాడు

నకలు: శ్రీ 97 గారికి. అయ్యా, ఆ రోజు గంట కొట్టేశారు. ఇంకొక్క నిమిషం ఉంటే మిమ్మల్ని ఏడుతో భాగించి చూసేవాణ్ణే. నిన్న చూశాను. ఏడు పదమూళ్లు తొంభై ఒకటి, శేషం ఆరు.