పట్టా మీ పేరునే, జీపీఏ మాత్రం కంపెనీకి

రెడిస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు గొడవ సద్దుమణిగిందని, 2025 మేలో ఏజీపీఎల్ అనే లైసెన్సు చేర్చడంతో అది మళ్లీ ఓపెన్ సోర్స్ (ఎవరైనా చూసి, మార్చి, పంచుకోగల కోడ్) గూటికి చేరిందని సాఫ్ట్‌వేర్ మిత్రులు చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. నేను పీల్చుకోలేకపోతున్నాను. ఓపెన్ సోర్స్ లైసెన్సు వెనక్కి వచ్చిన మాట నిజమే. కానీ ఒక కంపెనీ తనంతట తాను దాన్ని తీసేసింది, తనంతట తానే మళ్లీ పెట్టింది. తీసేటప్పుడు ఎవరినీ అడగలేదు, పెట్టేటప్పుడూ అడగలేదు. రేపు మూడోసారి మార్చినా కాదనే హక్కు ఎవరికీ లేదు.

ఇలా తమ కోడ్ లైసెన్సుని బిగించిన సాఫ్ట్‌వేర్ కంపెనీల వరస మీకు తెలిసిందే. 2018 అక్టోబరులో మాంగోడీబీ, 2021 జనవరిలో ఎలాస్టిక్, 2023 ఆగస్టులో హషికార్ప్, 2024 మార్చిలో రెడిస్. ముందు తలుపులు బార్లా తెరిచి ప్రపంచాన్ని పిలిచారు, మార్కెట్లో కాళ్లూనుకున్నాక వేసేశారు. బయట మిగిలినవాళ్లు ఎలాస్టిక్, హషికార్ప్, రెడిస్‌ల పాత కోడ్ పట్టుకుని వరసగా ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫు, వాల్కీ పేర్లతో వేరు కాపురాలు (ఫోర్కులు) పెట్టుకున్నారు. చర్చంతా మాత్రం మాంగోడీబీ తెచ్చిన ఎస్ఎస్‌పీఎల్ అనే లైసెన్సు ఓపెన్ సోర్సా కాదా అన్న దగ్గరే తిరిగింది. కాదని, ఆ మాటకి నిర్వచనం చెప్పే సంస్థ ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ 2021లోనే చెప్పేసింది. అడగాల్సిన ప్రశ్న అది కాదు. ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసిన కోడ్ షరతుల్ని ఒక్క కంపెనీ ఎలా మార్చగలిగింది?

వరంగల్‌లో ఇంజినీరింగ్ చదివే మా అక్క కొడుకు రెండేళ్ల కిందట ఒక పేరున్న ప్రాజెక్టుకి తన మొదటి ప్యాచ్ (కోడ్ సవరణ) పంపాడు. పదకొండు లైన్లు. తేదీని తప్పుగా చదువుతున్న ఒక చిన్న ఫంక్షన్‌ని సరిచేశాడు. పంపిన నిమిషంలోపే బాట్ జవాబొచ్చింది. కంట్రిబ్యూటర్ లైసెన్స్ అగ్రిమెంటు మీద సంతకం పెడితేనే ప్యాచ్ చూస్తారట. లింకు నొక్కితే ఒక పొడుగాటి పేజీ, అడుగున ‘అంగీకరిస్తున్నాను’ అనే బటన్. వాడు నొక్కేశాడు. మొదటి ప్యాచ్ కదా, చేతులు వణుకుతున్నాయి, చదివే ఓపిక ఎక్కడుంటుంది. ఆ రాత్రి నేను కూర్చుని చదివాను. మొదట్లో ‘మీ కాపీరైటు మీ దగ్గరే ఉంటుంది’ అని భరోసా ఉంది. కాస్త కిందికి వస్తే, ఆ కోడ్‌ని ఎవరికైనా ఏ షరతుల మీదైనా ఇచ్చుకునే శాశ్వత హక్కు కంపెనీకి రాసిచ్చి ఉంది. వెనక్కి తీసుకోవడానికి లేదు.

దీనికి మన దగ్గర అచ్చంగా సరిపోయే మాట ఉంది. జీపీఏ. పొలం పట్టా మీ పేరునే ఉంటుంది, పాసుపుస్తకం మీ బీరువాలోనే ఉంటుంది. కానీ ఒకసారి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసిచ్చాక కంచె కట్టేది, ప్లాట్లు వేసేది, అమ్మేది ఇంకొకరు. హైదరాబాద్ చుట్టుపక్కల నాలుగెకరాలున్న ఏ కుటుంబానికీ ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

సర్వర్లను ఏర్పాటు చేసే టెర్రాఫామ్ అనే తన సాఫ్ట్‌వేర్‌ని హషికార్ప్ ఎంపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు నుంచి, వాడకానికి ఆంక్షలు పెట్టే బిజినెస్ సోర్స్ లైసెన్సుకి మార్చగలిగింది ఈ జీపీఏ బలంతోనే. ఎనిమిది నెలల తర్వాత, 2024 ఏప్రిల్‌లో, తమ కొత్త కోడ్‌ని కాపీ కొట్టారంటూ ఓపెన్‌టోఫుకి లాయరు నోటీసు పంపింది. అది మీ కొత్త కోడ్ కాదు, ఎంపీఎల్ కింద ఉన్న పాత కోడ్ నుంచి వచ్చిందని ఓపెన్‌టోఫు వాళ్లు వివరంగా జవాబిచ్చారు. అదే నెలలో హషికార్ప్‌ని 640 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ఐబీఎం ప్రకటించింది. ఉచితంగా ప్యాచ్‌లు పంపినవాళ్ల శ్రమ కూడా ఆ ధరలో ఉంది. ఇక ఎలాస్టిక్ సంగతి నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది. అపాచీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సులో ఉన్న కోడ్‌ని ఎప్పటికీ మార్చబోమని 2018లో అచ్చంగా రాసిచ్చిన కంపెనీ అది. మూడేళ్లు తిరగకుండానే మార్చింది. ఆ రోజు వాళ్లు అబద్ధం చెప్పారని నేననను, నమ్మే చెప్పి ఉంటారు. అయితే మాట నిలబెట్టుకోవాల్సినవాళ్లూ వాటాదార్లకు లెక్క చెప్పాల్సినవాళ్లూ ఒకరే అయినప్పుడు నెగ్గేది ఏదో ముందే తెలుసు.

రెడిస్‌లో అయితే ఆ సంతకం కూడా అవసరం పడలేదు. 2009లో సాల్వటోరే సాన్‌ఫిలిప్పో దాన్ని బీఎస్‌డీ లైసెన్సుతో ఇచ్చాడు. అంటే ఎవరైనా తీసుకోవచ్చు, తీసుకుని తమ తర్వాతి కూర్పుకి తాళం కూడా వేసుకోవచ్చు. కంపెనీ అదే చేసింది. 2024 మార్చి 20న తాళం పడితే, 28వ తేదీకల్లా లైనక్స్ ఫౌండేషన్ వాల్కీని ప్రకటించింది. ఎనిమిదే రోజులు. చూశారా, ఫోర్క్ చేసుకునే హక్కు ఉండగా భయమెందుకు అన్నారు చాలామంది. ఆ ఫోర్క్ వెనక నిలబడిందెవరు? అమెజాన్, గూగుల్, ఒరాకిల్. అంతటి అండ లేని చిన్న ప్రాజెక్టు మీద ఇదే తాళం పడితే ఎనిమిది రోజుల్లో కాదు, ఎనిమిదేళ్లకైనా లేచి నిలబడుతుందా?

కంపెనీల వైపు మాట కూడా చెప్పాలి. రాసేది తామైతే, దాన్ని క్లౌడ్‌లో అద్దెకిచ్చి సంపాదించేది అమెజాన్ లాంటి సంస్థలని వాళ్ల ఫిర్యాదు. అందులో న్యాయముంది. తన పేరును అమెజాన్ వాడుకుందని ఎలాస్టిక్ 2019లో ట్రేడ్‌మార్క్ దావా వేసింది, 2022లో రాజీ కుదిరింది. ఆ దావా వేయడంలో తప్పేమీ లేదు. కానీ క్లౌడ్ కంపెనీలను కట్టడి చేయడానికి ఏజీపీఎల్ అనే నిఖార్సైన ఓపెన్ సోర్స్ లైసెన్సు 2007 నుంచీ ఉంది. నెట్‌వర్క్ మీద సేవగా ఇచ్చినా, చేసిన మార్పుల కోడ్ బయటపెట్టాలంటుంది అది. ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో చివరికి వచ్చింది ఆ లైసెన్సు దగ్గరికే. మొదటే ఆ దారిన వెళ్లి ఉంటే ఇన్ని చీలికలు వచ్చేవి కావు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ అయిన కెర్నల్ లైసెన్సుని ఎవరూ ఇలా ఎందుకు మార్చలేరు? దాన్ని పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ రేపు పొద్దున్నే మనసు మార్చుకున్నా ఆయన వల్ల కూడా కాదు. ముప్పై ఏళ్లకు పైగా వేలాదిమంది రాసిన కోడ్ అది, ఎవరి లైన్ల మీద హక్కు వారిదే. ఎవరూ ఎవరికీ జీపీఏ ఇవ్వలేదు. 2007లో కెర్నల్ లైసెన్సయిన జీపీఎల్‌కి మూడో కూర్పు వచ్చినప్పుడు దానికి మారడం టోర్వాల్డ్స్‌కి ఇష్టం లేదు. ఇష్టం ఉన్నా ఆ వేలమందినీ వెతికి పట్టుకుని, చనిపోయినవాళ్ల వారసులతో సహా ఒప్పించాలి. మేనేజ్‌మెంటు పుస్తకాలు దీన్ని లోపమంటాయి. నా దృష్టిలో ఇది ఊరుమ్మడి చెరువు లాంటిది. అమ్ముదామన్నా సంతకం పెట్టే ఒక్క మనిషి దొరకడు కాబట్టే చెరువు మిగిలింది.

దీనికి ఒక కేసు కథ కూడా ఉంది. 2003 మార్చిలో ఎస్‌సీఓ అనే కంపెనీ, తనదంటున్న యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ కోడ్‌ని లైనక్స్‌లోకి చేరవేశారంటూ ఐబీఎం మీద వంద కోట్ల డాలర్లకు దావా వేసింది. తర్వాత ఆ మొత్తాన్ని పెంచుకుంటూ పోయింది. లైనక్స్ వాడుతున్న కంపెనీలను ప్రాసెసర్‌కి 699 డాలర్లు కట్టమంది. చివరికి తేలిందేమిటి? యూనిక్స్ కాపీరైట్లు ఎస్‌సీఓవి కానే కావు, నోవెల్ అనే ఇంకో కంపెనీవి అని 2007లో జడ్జి, 2010లో జ్యూరీ చెప్పారు. పొలం తనది కాకుండానే ఊరందరికీ నోటీసులు పంచిన మనిషి కథ ఇది. ఐబీఎంతో తగువు 2021లో కోటీ 42 లక్షల 50 వేల డాలర్ల రాజీతో ముగిసింది.

ఆ కేసు నడుస్తుండగానే, 2004లో, కెర్నల్‌లో ఒక ఆనవాయితీ మొదలైంది. ఏ ప్యాచ్ చూసినా చివర ‘సైన్డ్-ఆఫ్-బై’ అని, పక్కన పంపినవారి పేరు, ఈమెయిలు ఉంటాయి. ఇది నేను రాసిందే, లేదా పంపే హక్కు నాకుంది, ఈ లైసెన్సు కిందే ఇస్తున్నాను అని ఆ ఒక్క లైనుకి అర్థం. అంతే. ఏ కంపెనీకీ ఏ అదనపు హక్కూ ధారపోయదు. కోర్టు అడిగితే చూపించడానికి సాక్ష్యం ఉంది, రాసినవాడి చేతిలో పట్టా ఉంది. అగ్రిమెంటు బటన్‌కీ ఈ లైనుకీ ఉన్న తేడాయే నా వాదనంతా. జీపీఎల్ రాసిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ కూడా చాలాకాలం కాపీరైటు రాయించుకుంది కదా అంటారు కొందరు. రాయించుకుంది, కానీ ఆ కోడ్‌ని ఎప్పటికీ స్వేచ్ఛగానే ఉంచుతానని తిరుగు హామీ కూడా పత్రంలోనే రాసిచ్చింది. కంపెనీల పత్రాల్లో మీకు కనిపించనిది ఆ తిరుగు హామీయే.

హక్కులన్నీ ఒక్క చోట పోగుపడితే ఏమవుతుందో చూడాలంటే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ చాలు. కోడ్ హక్కులన్నీ కంపెనీవే కాబట్టి 2008లో సన్ అనే కంప్యూటర్ల కంపెనీ దాన్ని దాదాపు వంద కోట్ల డాలర్లకు కొన్నది. 2010లో సన్‌నే ఒరాకిల్ కొనేసింది. దాన్ని పుట్టించిన మాంటీ విడెనియస్ తన బిడ్డను తానే ఫోర్క్ చేసుకుని మరియాడీబీ అని పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. పక్కనే ఉన్న పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌ని చూడండి. ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు, అందుకే కొనడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు.

కోర్టులంటే బెదిరిపోనక్కర్లేదని కూడా చెప్పాలి. 2008లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తీర్పిచ్చిన జాకబ్‌సెన్ కేసు బొమ్మ రైళ్లు నడిపే సాఫ్ట్‌వేర్ గురించి. ఉచితంగా ఇచ్చినా షరతు షరతే, దాన్ని మీరితే కాపీరైటు ఉల్లంఘనేనని కోర్టు తేల్చింది. అయితే ఆ రక్షణ హక్కుదారుడికి దొరుకుతుంది. సర్వాధికారాలూ కంపెనీకి రాసిచ్చినవాడు కంపెనీ మీదే కోర్టుకి వెళ్లి ఏమని అడుగుతాడు?

వెబ్‌సైట్లు కట్టుకునే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్ తగువు ఇంకో పాఠం చెప్పింది. కోడ్ జీపీఎల్‌లో ఉంది, ఆ లైసెన్సుని ఎవరూ మార్చలేరు. కానీ పేరు, అప్‌డేట్లు పంపే సర్వరు ఒక మనిషి గుప్పిట్లో ఉన్నాయి. 2024 శరదృతువులో ఆ మనిషి, వర్డ్‌ప్రెస్ సహవ్యవస్థాపకుడు మాట్ మల్లెన్‌వెగ్, వర్డ్‌ప్రెస్ సైట్లు నడిపిపెట్టే డబ్ల్యూపీ ఇంజిన్ అనే కంపెనీని ఆ సర్వరు నుంచి వెలివేశారు, దాని ప్లగిన్‌ని స్వాధీనం చేసుకున్నారు. డిసెంబరులో కోర్టు మధ్యంతర ఉత్తర్వులిచ్చి వెనక్కి తిప్పించేదాకా ఆ కంపెనీని నమ్ముకున్న వెబ్‌సైట్ల యజమానులు నలిగిపోయారు. కోడ్ ఒక్కటే ఉమ్మడిగా ఉంటే సరిపోదు, దాన్ని జనానికి చేర్చే దారి కూడా ఉమ్మడిదై ఉండాలి.

ఇదంతా అమెరికా కంపెనీల పంచాయితీ, మనకెందుకంటారా? మీరు ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఈ వ్యాసం చదువుతుంటే ‘రాష్ట్రం’లో ష కింద ట, ర ఒత్తుల్ని సరైన చోట నిలబెడుతున్నది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ కోడ్. క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో కూడా అదే. 2018 ఫిబ్రవరి గుర్తుందా? ‘జ్ఞా’లో కంటికి కనబడని ఒక గుర్తు కలిపి పంపితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ కొద్ది రోజుల్లోనే సరిచేసింది, కాదనను. తప్పులు హార్ఫ్‌బజ్‌లోనూ వస్తాయి. కానీ ఆ కొద్ది రోజులూ మన అక్షరం ఎక్కడ తడబడుతోందో తెలుగు తెలిసిన ఏ ఇంజినీరూ లోపలికి తొంగి చూడలేకపోయాడు. మన ఒత్తుల మీద మనకన్నా హక్కున్నవాళ్లు వేరే ఉన్నారని ఆ వారం నాకు అర్థమైంది.

ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్నగారు తెనాలి దగ్గర మా ఊరి చరిత్ర రాశారు. 2003లో డీటీపీ చేయించి 300 ప్రతులు వేశారు, ఫైళ్లు సీడీలో ఇచ్చారు. నాన్నగారు పోయాక మళ్లీ అచ్చు వేద్దామని ఆ సీడీ తెరిస్తే తెరనిండా ఇంగ్లిషు అక్షరాలు, పౌండు గుర్తులు, కొక్కేలు. అది అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్ కాదు. ఏ ఫాంటు సాఫ్ట్‌వేర్‌తో టైపు చేశారో అది ఉంటేనే తెలుగు కనబడుతుంది. ఆ సాఫ్ట్‌వేర్ నడవాలంటే కంప్యూటరుకి డోంగిల్ అనే తాళం ముక్క గుచ్చాలి. డీటీపీ సెంటరు ఎత్తేశారు, డోంగిల్ ఎటు పోయిందో తెలియదు. మా నాన్న రాసిన మాటలు, మా సీడీలోనే ఉన్నాయి, మేమే చదవలేకపోయాం. ఇరవై ఏళ్లపాటు తెలుగులో అచ్చయిన పుస్తకాలు, పత్రికలు ఎన్ని ఇలా మూగపోయి ఉన్నాయో తలచుకుంటే గుండె చెరువవుతుంది.

ఓపెన్ సోర్స్‌కి ప్రాధాన్యమివ్వాలని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. ఇప్పుడు తెలుగు ఏఐ కోసం మన గొంతులు, మన కథలు, మన మాండలికాలు పోగుచేస్తున్నారు, విద్యార్థులు ఉత్సాహంగా ఇస్తున్నారు. ప్రజల డబ్బుతో జరిగే ప్రతి సేకరణలో ఆ అంగీకార పత్రాన్ని తెలుగులో పెట్టాలి, ఇచ్చినవారి హక్కుని ఏ ఒక్క సంస్థకూ మూటగట్టి ఇవ్వకూడదు, తిరుగు హామీ అందులోనే ఉండాలి. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఇంతమాత్రం చేయగలవు.

నాన్నగారి పుస్తకాన్ని స్వచ్ఛంద సేవకులు రాసిపెట్టిన ఒక కన్వర్టరుతో యూనికోడ్‌లోకి మార్చాను. ‘రాష్ట్రం’ పడిన ప్రతిచోటా ఒత్తు విడిపోయి పక్కన నిలబడింది, చేత్తో దిద్దుకుంటున్నాను. 140 పేజీలయ్యాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్సులో దొరికే ‘మండలి’ ఫాంటు పెట్టాను. అచ్చుతో పాటు, వికీపీడియా సోదర గ్రంథాలయం వికీసోర్స్‌లో కూడా ఉంచాలని కోరిక. అక్కడ పెట్టాలంటే దాన్ని స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేయాలి, నాన్నగారి కాపీరైటు ఇప్పుడు మా ముగ్గురిదీ. అన్నయ్య సంతకం పెట్టాడు, నేనూ పెట్టాను. డల్లాస్‌లో ఉన్న అక్కకి కాగితం పంపాను. మొత్తం చదివాకే పెడతానంది.