పళ్ళొచ్చేటప్పుడు ఒళ్ళు వెచ్చబడటం వేరు, జ్వరం వేరు

మా అక్క కూతురికి పదో నెలలో జ్వరం వచ్చింది. మొదటి రోజు 101, రెండో రోజు సాయంత్రానికి 103. అప్పటికే కింద రెండు పళ్ళు వచ్చి ఉన్నాయి, పై చిగురు ఉబ్బి ఉంది. అక్క వాళ్ళ అత్తగారు పాప నోట్లో వేలు పెట్టి తడిమి చూసి "పళ్ళ జ్వరమేనమ్మా, కంగారు పడకు" అన్నారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ కూడా ఆ మాటే చెప్పి జ్వరం సిరప్ ఇచ్చి పంపాడు. ఫోన్లో అక్క అడిగితే నేనూ అదే అన్నాను. నాలుగో రోజు పొద్దున్నే పాప పాలు తాగడం మానేసింది, ఒళ్ళు వేలాడేసింది. ఖమ్మం తీసుకెళ్తే పిల్లల డాక్టరు చెవులు, గొంతు, గుండె అన్నీ చూసి, ఎక్కడా ఏమీ దొరక్క మూత్రం పరీక్ష రాశారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్. ఇంజెక్షన్లు, తర్వాత కిడ్నీల స్కానింగ్. పాప కోలుకుంది. కానీ ఆ మూడు రోజులు ఎందుకు ఆగామన్న బాధ నాకు ఇంకా పోలేదు. నిర్లక్ష్యంతో ఆగలేదు. కారణం ఏంటో మాకు ముందే తెలుసు అనుకున్నాం కాబట్టి ఆగాం.

పళ్ళు వస్తే పిల్లలకు జ్వరం వస్తుందా? ఒళ్ళు కొంచెం వెచ్చబడొచ్చు. 101, 102, 103 జ్వరం మాత్రం పళ్ళ వల్ల రాదు. ఈ తేడా మన భాషలో ఎప్పటి నుంచో ఉంది. "ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది" అంటాం, "ఒళ్ళు కాలిపోతోంది" అంటాం. ఈ రెంటినీ ఒకటిగా ఎవరూ అనుకోరు. కానీ పళ్ళ దగ్గరికి వచ్చేసరికి రెండింటినీ ఒకే మూటలో కట్టేస్తున్నాం.

దీని మీద గట్టి పరిశీలనలు జరిగాయి. అమెరికాలోని క్లీవ్‌లాండ్ వైద్యులు 125 మంది పిల్లల్ని, వాళ్ళకు వచ్చిన 475 పళ్ళని గమనించి 2000లో ఫలితాలు ప్రచురించారు. తల్లిదండ్రులు రోజూ జ్వరం చూసి, పిల్లల ఇబ్బందులన్నీ రాసి పెట్టారు. పన్ను బయటపడే రోజుకు నాలుగు రోజుల ముందు నుంచి మూడు రోజుల తర్వాత వరకు, మొత్తం ఎనిమిది రోజుల్లో కొన్ని ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. కొరకడం, చొంగ కారడం, చిగుళ్ళు రుద్దుకోవడం, చిరాకు, మెలకువగా ఉండటం, చెవి లాక్కోవడం, గట్టి ఆహారం వద్దనడం, ఒంటి వేడి స్వల్పంగా పెరగడం. 102 దాటిన జ్వరం, వాంతులు, దగ్గు, పలచటి విరేచనాలు మాత్రం పళ్ళతో ముడిపడలేదు. అంతకన్నా నన్ను ఆపేసిన విషయం ఇంకొకటుంది. పళ్ళొచ్చే పిల్లలు అన్నం వద్దంటారు గానీ పాలు, నీళ్ళు మానెయ్యరు. మా పాప మానేసింది. ఆ ఒక్క ముక్క ఆ రోజు మాకు తెలిసి ఉంటే బావుండేది.

అదే ఏడాది ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నుంచి వచ్చిన చిన్న అధ్యయనంలో పళ్ళకూ జ్వరానికీ సంబంధమే దొరకలేదు. 1992లో ఇజ్రాయెల్‌లో 46 మంది పిల్లలను గమనించినవాళ్ళు పన్ను బయటపడే రోజున ఒళ్ళు వెచ్చబడటం ఎక్కువగా కనిపించిందన్నారు. ఇలాంటివన్నీ కలిపి 2016లో మళ్ళీ విశ్లేషించినప్పుడు కూడా తేలింది ఇదే: వేడి కాస్త పెరుగుతుంది, అది జ్వరం అనే స్థాయికి చేరదు. 100.4 డిగ్రీలు, అంటే 38 సెల్సియస్, లేదా ఆపైన ఉంటేనే వైద్యులు జ్వరం అంటారు.

అయితే ఇన్ని తరాల తల్లులు, అమ్మమ్మలు చూసింది అబద్ధమా? కాదు. వాళ్ళు చూసింది నిజమే. పళ్ళు వచ్చే రోజుల్లో జ్వరాలు వచ్చాయి, పిల్లలు నీరసించారు. కాకపోతే ఆ రోజుల్లో పళ్ళతో పాటు ఇంకా చాలా జరుగుతుంటాయి. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి బిడ్డకు చేరిన రోగనిరోధక శక్తి ఆరో నెలకల్లా బాగా తగ్గిపోతుంది, సొంత శక్తి ఇంకా కూడుకోదు. సరిగ్గా అప్పుడే మనం అన్నప్రాశన చేస్తాం. పుస్తకం, కలం, డబ్బు, బంగారం ముందు పెట్టి, పాకుతూ వెళ్ళి ఏది పట్టుకుంటుందా అని అందరం చుట్టూ కూర్చుని చూస్తాం. పట్టుకున్నదాన్ని పాప ఏం చేస్తుంది? నోట్లో పెట్టుకుంటుంది. ఆ రోజు నుంచి నేల మీద దొరికిన ప్రతిదీ నోట్లోకే పోతుంది. చిగుళ్ళు దురద పెడుతుంటే ఇంకా ఎక్కువగా పోతుంది. చొంగతో పాటు చేతులు, చేతులతో పాటు క్రిములు. ఆ విధంగా పళ్ళకూ జ్వరానికీ దూరపు చుట్టరికం ఉందంటే ఒప్పుకుంటాను. కానీ ఆ జ్వరం క్రిమిది, పన్నుది కాదు.

ఒక చిన్న లెక్క చూద్దాం. పాలపళ్ళు 20. ఆరో నెలలో మొదలై రెండున్నర, మూడేళ్ళకి పూర్తవుతాయి. ఒక్కో పన్నుకు ముందూ వెనకా ఎనిమిది రోజులు వేసుకుంటే 160 రోజులు. కొన్ని జంటగా వస్తాయి కాబట్టి తగ్గించినా, ఈ రెండేళ్ళలో చాలా వారాలు "పళ్ళొచ్చే రోజులే". ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు కూడా ఈ వయసులో ఏడాదికి ఆరేడు సార్లు జలుబో జ్వరమో వస్తుంది. ఈ రెండూ ఒకే వారంలో పడకుండా ఎలా ఉంటాయి? పైగా మనం ఎనిమిది రోజులకే ఆగం. జ్వరం వచ్చిన పదిహేను రోజులకి పన్ను కనిపించినా "చూశావా, అందుకే" అంటాం. పన్ను రాకపోతే ఆ జ్వరాన్ని మర్చిపోతాం.

ఈ నమ్మకం వంశవృక్షం చిన్నదేమీ కాదు. వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగ హృదయంలోనే దంతాలు మొలవడం సర్వరోగాలకూ కారణమని, ముఖ్యంగా జ్వరం, విరేచనాలు, దగ్గు, వాంతులు తెస్తుందని ఉంది. గ్రీకుల హిప్పోక్రటీసు పేరుతో ఉన్న సూత్రాల్లో కూడా పళ్ళొచ్చేటప్పుడు జ్వరం, ఫిట్స్, విరేచనాలు వస్తాయనే ఉంది. క్రిమి అంటే ఏమిటో తెలియని కాలంలో, కంటికి కనిపించే కొత్త మార్పు పన్నే కదా. దాన్నే కారణం అనుకోవడంలో వాళ్ళ తప్పేమీ లేదు. వాగ్భటుడు ఇంకో మాట కూడా చెప్పాడు: పళ్ళు మొలిచాక ఆ బాధలు వాటంతటవే తగ్గిపోతాయి కాబట్టి బిడ్డను అతిగా కట్టడి చేయవద్దని. చిరాకు, చొంగ వరకు ఆ మాట ఈనాటికీ సరిపోతుంది. మొదటి మాట ఇళ్ళల్లో నిలిచిపోయింది, రెండోది చాలామందికి తెలియదు.

పళ్ళనే నేరస్తుల్ని చేస్తే ఏమవుతుందో చూడాలంటే బ్రిటన్ చరిత్ర చదవాలి. 1839లో ఇంగ్లండ్, వేల్స్ మరణాల లెక్కల్లో 5,016 మంది చనిపోవడానికి కారణం "పళ్ళు రావడం" అని రాశారు. అందులో ఎన్ని విరేచనాలో, ఎన్ని న్యుమోనియాలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే వెతకలేదు. యూరప్‌లో వైద్యులు బిడ్డల చిగుళ్ళను కత్తితో కోసేవారు. పళ్ళ బాధకని పాదరసం కలిసిన పొడులు అమ్మారు. ఆ పొడులు తిన్న పిల్లలకు చేతులు, కాళ్ళు గులాబీ రంగుకు తిరిగి, చర్మం ఊడి, విపరీతమైన నొప్పితో కొందరు చనిపోయారు. కారణం పాదరసమని గుర్తించడానికి దశాబ్దాలు పట్టింది. 1954లో ఆ పొడుల్ని మార్కెట్ నుంచి తీసేశాక ఆ జబ్బు దాదాపు మాయమైంది. 2008లో నైజీరియాలో పళ్ళొచ్చే పిల్లలకని అమ్మిన ఒక సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం కలిసి, కిడ్నీలు పాడై 80 మందికి పైగా పసిపిల్లలు పోయారు. పళ్ళకని ఇచ్చే మందు ఏదైనా నాకు భయం పుట్టేది ఇందుకే. చిగుళ్ళకు పూసే, తిమ్మిరెక్కించే బెంజోకైన్ జెల్స్ రెండేళ్ళలోపు పిల్లలకు వాడవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో గట్టిగా చెప్పింది. రక్తం ఆక్సిజన్‌ను మోయలేని స్థితి రావచ్చని కారణం. ఏడాది నిండని బిడ్డ చిగుళ్ళకు తేనె రాయడం కూడా మంచిది కాదు, కండరాలు చచ్చుబడే బోట్యులిజం అనే జబ్బు వచ్చే ప్రమాదం ఉంది.

పళ్ళ చాటున ఎన్ని దాక్కుంటాయో. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ మా ఇంటి అనుభవం, చిన్న పిల్లల్లో అది జ్వరం తప్ప వేరే గుర్తు చూపించకపోవచ్చు. రోజియోలా అనే వైరస్ జబ్బు సరిగ్గా ఆరు నెలల నుంచి రెండేళ్ళ మధ్యే ఎక్కువ. మూడు నాలుగు రోజులు ఒళ్ళు మండిపోయి, జ్వరం దిగాక దద్దుర్లు పోస్తాయి. హెర్పిస్ వైరస్ వల్ల నోరు పూస్తే చిగుళ్ళు ఎర్రగా వాచి, చొంగ కారి, బిడ్డ ఏమీ తినదు. దాన్ని పళ్ళు కాదని చెప్పడం నోరు తెరిచి బాగా చూస్తే తప్ప కష్టం. చెవి నొప్పికీ చెవి లాక్కుంటారు, పళ్ళకీ లాక్కుంటారు. వానాకాలంలో డెంగీ, మలేరియా ఉండనే ఉన్నాయి. ఇక "పళ్ళ మోషన్స్" అనుకుని ఊరుకుంటే పోయేది ఒంట్లో నీరు. విరేచనాలకు కారణం ఏదైనా ఓఆర్‌ఎస్, జింక్ మొదలుపెట్టాల్సిందే. పళ్ళే అనుకున్న ఇంట్లో అవి ఆలస్యంగా మొదలవుతాయి.

నా కోపం అమ్మమ్మల మీద కాదు. అర్ధరాత్రి బిడ్డ నుదురు తడిమి చూసేది వాళ్ళే. నా అభ్యంతరం మందులిచ్చేవాళ్ళ మీద. టైమ్ లేకో, పరీక్ష రాస్తే ఖర్చంటారనో, "పళ్ళొస్తున్నాయి కదా" అని ఒక్క మాటతో తల్లిని పంపించేయడం చాలా చోట్ల చూశాను. ఆ మాట విన్నాక ఆమె మళ్ళీ రావడానికి వెనకాడుతుంది. ఊరికే టెన్షన్ పడుతుందని ఇంట్లో అంటారని భయం. పళ్ళు అన్న మాట చివర్లో రావాలి, మిగతావన్నీ చూశాక. మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 ఉంటే ఏ ఆలోచనా లేకుండా ఆసుపత్రికే. అంతకన్నా పెద్ద పిల్లల్లో కూడా జ్వరం రెండు రోజులు దాటినా, పాలు మానేసినా, మూత్రం తగ్గినా, ఎగశ్వాస వచ్చినా, మగతగా పడి ఉన్నా, ఫిట్స్ వచ్చినా పన్ను ఉందా లేదా అని చూడాల్సిన పని లేదు.

పారాసిటమాల్ గురించి ఒక్క మాట. చుక్కల మందులో సాధారణంగా ఒక ఎంఎల్‌కు 100 మిల్లీగ్రాములు ఉంటాయి. సిరప్‌లో ఐదు ఎంఎల్‌కు 120, 125 లేదా 250 ఉంటాయి. రెంటికీ ఒకే కొలత వాడితే చాలా తేడా వస్తుంది. బిడ్డ బరువును బట్టి ఎంతివ్వాలో డాక్టరు చేత సీసా మీదే రాయించుకోండి.

ఏడాదిన్నర వయసులో పాపకు కోరపళ్ళు వచ్చాయి. మళ్ళీ చొంగ, మళ్ళీ రాత్రంతా ఏడుపు, మళ్ళీ ఒళ్ళు వెచ్చన. ఈసారి అక్క ఏమీ అనకముందే వాళ్ళ అత్తగారే "ముందు థర్మామీటర్ తీసుకురామ్మా" అన్నారట. 99.2 ఉంది. పాలు తాగుతోంది, ఆడుతోంది. శుభ్రమైన తడిగుడ్డను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి నమలడానికి ఇచ్చారు, రాత్రి ఇంకోసారి చూసుకున్నారు. మూడో రోజు పన్ను తెల్లగా పైకి కనిపించింది.