పిల్లల తోటపని నుంచి పిల్లలను తప్పించవలసిన ఆవశ్యకత

నాలుగైదేళ్ల పిల్లల చేత బాల్కనీ కుండీల్లో సులువైన మొక్కలు పెంచించాలన్న సదాశయం ఈమధ్య హైదరాబాదు అపార్ట్‌మెంట్లలో ఒక ఉద్యమంగా మారింది. ఉద్యమం మంచిదే, దాని లక్ష్యం పట్ల ఎవరికీ అభ్యంతరం ఉండనవసరం లేదు. అయితే ఆశించినంత దిగుబడి ఎందుకు రావడం లేదో ఇంతవరకూ ఎవరూ సూటిగా చెప్పలేదు గనుక, ఆ అప్రియమైన బాధ్యతను ఈ వ్యాసం స్వీకరిస్తున్నది. విత్తనం మంచిదే, మట్టి మంచిదే, ఎండ కావలసినంత ఉంది. లోపమల్లా ఆ చుట్టుపక్కల పిల్లలు ఉండటమే.

పెద్దల వైపు నుంచి సన్నాహాల్లో ఏ లోటూ లేదు. శనివారం నర్సరీకి వెళ్లి ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కొబ్బరి పొట్టు, వేపపిండి మోసుకొస్తారు. ఆన్‌లైన్లో చిన్న పార, చిన్న గొర్రు, ఏనుగు తొండం ఉన్న నీళ్ల క్యాను, పిల్లల చేతికి పట్టని చేతి తొడుగులు తెప్పిస్తారు. మొక్క పేరు రాసి గుచ్చడానికి చెక్క పుల్లలు కూడా వస్తాయి. ఇంత సరంజామా సమకూరాక అందులో చల్లేది పోపుల డబ్బాలోని గుప్పెడు మెంతులు. ఆ మాత్రం మెంతికూర రైతుబజారులో చిల్లర డబ్బులకు దొరుకుతుందన్నది నిజమే గాని, రైతుబజారు కట్ట పక్కన నిలబడి ఫోటో దిగితే మెచ్చుకునేవారు ఎవరు?

మెంతులను ఎంచుకోవడంలో పెద్దల విజ్ఞతను శంకించలేము. రాత్రి నానబెట్టి, నాలుగైదు అంగుళాల లోతున్న ఏ పాత డబ్బాలోనైనా చల్లి, పలుచగా మట్టి కప్పితే రెండు మూడు రోజుల్లో మొలక కనిపిస్తుంది, చలికాలమైతే మూడు నాలుగు వారాల్లో కూర చేతికొస్తుంది. ఇంత తొందరగా ఫలితం చూపే విత్తనాన్ని కూడా నమ్మలేని అవిశ్వాసం నేటి బాల్యానిది. మా భవనం మూడో అంతస్తులోని అయిదేళ్ల పిల్ల విత్తిన మర్నాడు పొద్దున్నే, పళ్లైనా తోముకోకుండా బాల్కనీలోకి వెళ్లి, చూపుడువేలితో మట్టి గెలికి, ఒక గింజను బయటికి తీసి, దాని కొసన తెల్లగా పొడుచుకొచ్చిన ముక్కును వెలుతురులో పరీక్షించి, "అమ్మమ్మా, ఇది లేచింది!" అని ప్రకటించింది. "లేస్తే లేచింది గాని మళ్లీ పడుకోబెట్టమ్మా, దానికింకా తెల్లారలేదు" అన్నది అమ్మమ్మ. గింజ మళ్లీ మట్టిలోకి వెళ్లింది, ఈసారి తలకిందులుగా. ఎటు పెట్టినా వేరు కిందికే తిరుగుతుందని వృక్షశాస్త్రం ఏనాడో తేల్చిన విషయాన్ని ఒక పసిపిల్ల రోజూ స్వయంగా సరిచూసుకోవడం శాస్త్రం పట్ల అపనమ్మకం కాక మరేమిటి?

ధనియాల విషయంలో ఈ తనిఖీలు మరీ మితిమీరుతాయి. పైకి ఒకటిగా కనిపించే ధనియంలో రెండు గింజలుంటాయి గనుక చపాతీ కర్రతో నలిపి రెండు బద్దలు చేసి చల్లాలి. ఆ నలిపే పనిని పిల్లలకు అప్పగించిన ఇళ్లలో విత్తనం బదులు ధనియాల పొడి తయారైంది. చల్లినవి మొలవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అయిదేళ్ల వయసులో రెండు వారాలంటే ఒక యుగం. సెలవులు వచ్చాయి గదా అని హైదరాబాదు మే నెల ఎండలో కొత్తిమీర వేయించే తల్లిదండ్రుల గురించి ఇక్కడ చర్చించబోవడం లేదు. వాళ్లు పెద్దలు.

నీటి నిర్వహణలో పరిస్థితి ఇంకా ఆందోళనకరంగా ఉంది. పిల్ల బడికి వెళ్లే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి పోస్తుంది. ఆమె పోసిందో లేదోనని తండ్రి ఆఫీసు నుంచి రాగానే పోస్తాడు. పసిదాన్ని నమ్ముకుంటే మొక్క ఎండిపోతుందన్న జాలితో పనిమనిషి కూడా ఒక చెంబు గుమ్మరిస్తుంది. అడుగున చిల్లు లేని అందమైన పింగాణీ కుండీ మీద ఇన్ని చేతులు పడితే నారుకుళ్లు రాకుండా ఎలా ఉంటుంది? నిన్నటిదాకా నిటారుగా ఉన్న లేత కాడలు మట్టి దగ్గర తడిసిన దారంలా సన్నబడి ఒక్కొక్కటే వాలిపోతాయి. దర్యాప్తులో నింద పిల్ల మీదికే వెళుతుంది, ఎందుకంటే తొండం క్యాను ఆమె పేరు మీద ఉంది. వేలిని మొదటి కణుపు దాకా మట్టిలో గుచ్చి, తడి తగిలితే ఆ పూట నీళ్లు మానెయ్యాలన్నది అయిదేళ్ల పిల్ల కూడా చేయగల పరీక్షే. అయితే అది నేర్పితే ఆమె తండ్రి క్యానును సైతం అడ్డుకునే ప్రమాదం ఉంది గనుక, ఆ జ్ఞానాన్ని పెద్దల వద్దనే భద్రపరచడం మేలు.

కుండీ కింది పళ్లెంలో నిలిచే నీళ్ల దగ్గర మాత్రం ఈ వ్యాసానికి కూడా వేళాకోళం చేయబుద్ధి కాదు. డెంగీని మోసే ఏడిస్ దోమ అలాంటి నిలవ నీళ్ల అంచునే గుడ్లు పెడుతుంది, అవి పొదిగాక వారం పది రోజుల్లో దోమలై లేస్తాయి. 2020లో అప్పటి మున్సిపల్ మంత్రి కేటీఆర్ "ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు" అని పిలుపునిచ్చింది ఇలాంటి నీళ్లను ఒంపెయ్యమనే. ఒంపడం అనే పనికి పిల్లలను మించిన సిబ్బంది దొరకరు. చిక్కల్లా, ఒంపే లోపు ఆ నీళ్లలో మెలికలు తిరిగే పురుగులకు వాళ్లు పేర్లు పెట్టేసుకుంటున్నారు. దాంతో పళ్లెం ఖాళీ చేయడానికి కుటుంబ సమావేశం పెట్టవలసి వస్తున్నది.

పిల్లల చేతికి మట్టీ గింజా ఇవ్వడం కొత్త సంగతేమీ కాదని వాదించేవారు ఉన్నారు. పెళ్లిళ్లలో పాలికల్లో నవధాన్యాలు చల్లుతుంటే మధ్యలో దూరి చేయి పెట్టేది పిల్లలేనని, బొమ్మల కొలువులో పళ్లెంలో ఆవాలో రాగులో మొలిపించి ఇదే మా పొలం అని చూపించేదీ వాళ్లేనని గుర్తుచేస్తారు. తెలంగాణ తండాల్లో తీజ్ పండుగకు పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచుతారని కూడా చెబుతారు. ఈ ఉదాహరణల్లోని బలహీనతను వాళ్లు గమనించలేదు. అక్కడ ఏ మొలకకూ పేరు రాసిన పుల్ల లేదు, ఎదుగుదలను స్కేలుతో కొలిచి పట్టిక నింపినవారు లేరు, వంకరగా మొలిచిన తమ బుట్టను దాచి పక్కింటి బుట్టను ఫోటో తీసిన తల్లి లేదు. పైగా తీజ్ మొలకలను కూర వండుకోరు, ఆటపాటలతో తీసుకెళ్లి నీళ్లలో కలిపేస్తారు. దిగుబడి సున్నా.

ఈ విషయంలో బడుల సహకారం ప్రశంసనీయం. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు పిల్లలు ఆటలతో, చేతిపనితో నేర్చుకోవాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పిన మాటను శిరసావహించి, ఒక మొక్కను సొంతంగా పెంచి సోమవారం తీసుకురావాలని శుక్రవారం సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టే బడులు ఉన్నాయి. మూడు రాత్రుల్లో మొక్క పెరగదన్న చాదస్తాన్ని పక్కన పెట్టి, తండ్రి ఆదివారం నర్సరీకి వెళ్లి మొగ్గలతో సహా ఉన్న బంతి మొక్కను కొని, దాని నల్ల ప్లాస్టిక్ సంచి చింపి ఇంట్లోని కుండీలోకి మారుస్తాడు. "నేనే పెంచాను" అన్న చీటీని తల్లి ఎడమచేత్తో రాసి గుచ్చుతుంది. ఎడమచేతి రాతలో యూకేజీ వంకర దానంతటదే వస్తుంది. తరగతిలోని మొక్కలన్నీ ఒకే నర్సరీవి కావడం వల్ల పోటీ కూడా న్యాయంగా జరుగుతుంది.

బంతికి నిజానికి నర్సరీ అవసరమే లేదు. దసరాకు గుమ్మానికి కట్టిన దండ ఎండిపోయాక పువ్వును విప్పితే, కింద నల్లగా, పైన తెల్లగా ఉన్న సన్నటి గింజలు బోలెడన్ని రాలుతాయి, వాటిలో ముదిరినవి వారం రోజుల్లో మొలుస్తాయి. పువ్వులు చీల్చడం, గింజలు ఇల్లంతా పోయడం పిల్లలకు శిక్షణ లేకుండానే వచ్చిన విద్యలు గనుక, వాటిని ప్రోత్సహించడంలో అర్థం లేదు. పచ్చడికి ఆకు దూసేసిన పుదీనా కాడను గ్లాసు నీళ్లలో వేస్తే వేళ్లు రావడం కూడా ఇదే కోవలోనిది.

తీగబచ్చలి మరొక సమస్య. కాడ గుచ్చితే బతుకుతుంది, మరిచిపోయినా కొన్నాళ్లు ఓర్చుకుంటుంది, గ్రిల్లు పట్టుకుని పైకి పాకుతుంది. ప్రమాదమంతా దాని పండ్లలో ఉంది. నల్లగా పండిన ఆ చిన్న పండును రెండు వేళ్ల మధ్య నలిపితే చిక్కటి ఊదారంగు రసం గోరు సందుల్లోకి దిగుతుంది. వెనుకటి పిల్లలు దాన్ని సిరాగా వాడి ఊరుకున్నారు, నేటి పిల్లలకు అద్దె ఇంటి తెల్లగోడ అందుబాటులో ఉంది. పప్పులో పడవలసిన బచ్చలి అడ్వాన్సులో కోతగా తేలిన సందర్భాలను ఇంటి యజమానులు ధ్రువీకరించగలరు.

ఈ పరిస్థితుల దృష్ట్యా కొన్ని సంస్కరణలు తక్షణం అవసరం. పావురాలు రాకుండా బాల్కనీకి వల కట్టినట్టే కుండీలకూ వల కట్టాలి, ఎందుకంటే మట్టిని పావురాల కంటే పిల్లలే ఎక్కువగా కెలుకుతున్నారు. ఫోటో తీసే సమయంలో మాత్రమే వాళ్లను కుండీ దగ్గరికి పిలవాలి. ఎరువులో వానపాము కనబడితే ఆ సంగతి పిల్లల చెవిన పడకూడదు, పడితే మొక్కనూ పెద్దలనూ మరిచిపోయి సాయంత్రమంతా దాని చుట్టూనే కూర్చుంటారు. పిల్లకొక డబ్బా పూర్తిగా అప్పగించి, ఎండనీ కుళ్లనీ, అది వాళ్ల ఇష్టానికి వదిలెయ్యాలన్న వాదన కూడా ఒకటి వినబడుతోంది. ఒక డబ్బా మెంతులు పోతే నష్టం నాలుగు రూపాయలు దాటదు, నిజమే. కానీ ఆ నష్టాన్ని తట్టుకునే గుండె నిబ్బరం పిల్లలకు ఉన్నంతగా ముప్పై అయిదేళ్లు దాటినవారికి లేదు.

పర్యవేక్షణ సడలితే ఏమవుతుందో మూడో అంతస్తులో ఇటీవల బయటపడిన అక్రమ కట్టడమే చెబుతుంది. పారేయవలసిన విరిగిన పెరుగు డబ్బాలో, టిఫిన్ బాక్సులో తినకుండా మిగిల్చిన టమాటా ముక్కను ఆ పిల్ల ఎప్పుడో పెట్టి గుప్పెడు మట్టి కప్పిందట. అనుమతి లేకుండా, వర్మీకంపోస్టు లేకుండా, ఏ రకమో ఎవరికీ తెలియకుండా అందులో డజనుకు పైగా మొలకలు ఒకే గుంపుగా లేచాయి, కొన్నింటి తలమీద గింజ తొక్క ఇంకా ఊడలేదు. అన్నీ పీకేసి ఒకటి ఉంచుదామన్నాడు తండ్రి. ముట్టుకుంటే ఊరుకోనన్నది పిల్ల. వ్యవహారం అమ్మమ్మ దాకా వెళ్లగా, ఆవిడ అన్నింటికీ స్టే ఇచ్చి, విడదీసి నాటడానికి డబ్బాలు చూడమని అల్లుణ్ణే ఆదేశించింది. మెంతులు పోయి ఖాళీగా ఉన్న పింగాణీ కుండీలు పనికొస్తాయా అని ఆయన వినయంగా అడిగితే, ముందు వాటి అడుగున చిల్లు పొడిచి తెమ్మన్నది.